హౌజులో చేపకు జబ్బు చేస్తే

మృగశిర కార్తె ప్రవేశించిందంటే నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానం చుట్టుపక్కల రోడ్లు జనంతో నిండిపోతాయి. బత్తిని వారి చేప మందు కోసం ఉబ్బసం రోగులు ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చి రైళ్లు దిగుతారు. మత్స్యశాఖవాళ్లు కౌంటర్లు తెరిచి కొర్రమీను పిల్లలు అమ్ముతారు. ఆ పిల్ల నోట్లో పసుపుపచ్చ మందు ముద్ద పెట్టి, బతికున్న ఆ చేపనే రోగి గొంతులోకి జారవిడుస్తారు. 1845 నుంచి తాము ఈ మందు ఇస్తున్నామని ఆ కుటుంబం చెబుతుంది. అది పనిచేస్తుందా, చెయ్యదా అన్న వాదులాట ఏటా ఆ మందుతోపాటే వస్తుంది, పోతుంది. దాని జోలికి నేను పోను. నా సందేహం వేరు. మనిషి రోగానికి చేపను పిలిచే ఊరు మనది. మరి చేపకే రోగం వస్తే అది ఎవరి దగ్గరికి పోవాలి?

పశువుల దవాఖానా ముందు కుక్కలను, పిల్లులను, అప్పుడప్పుడు చిలకలను పట్టుకొని కూర్చున్నవాళ్లను చూశాను. నీళ్ల సంచిలో చేపను పట్టుకొని కూర్చున్నవాళ్లను మాత్రం చూడలేదు. చేపల చదువు చదివినవాళ్లు లేరని కాదు. మన వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది, అవతల నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఉంది. అక్కడ చదివినవాళ్లకు చెరువులున్నాయి, రొయ్యల గుంటలున్నాయి. కాచిగూడలో ఓ ఇంటి వెనక హౌజులో తిరిగే అయిదు కోయి చేపల కోసం ఎవరొస్తారు? ఆ వైద్యమేదో ఇంటివాళ్లే చేసుకోవాలి. ఇవాళ్టి ముచ్చట అదే.

కాచిగూడ అనగానే గుమ్మటాల రైల్వేస్టేషన్ గుర్తొస్తుంది. 1916లో, నిజాం ఏలుబడిలో కట్టింది. స్టేషన్ నుంచి నింబోలిఅడ్డ వైపో, కుత్బిగూడ వైపో గల్లీల్లో నడిస్తే, అపార్ట్‌మెంట్ల నడుమ పాత ఇళ్లు ఇంకా అక్కడక్కడ కనిపిస్తాయి. ముందు వరండా, వెనక పెరడు, పెరట్లో జామచెట్టు, దాని పక్కన సిమెంటు హౌజు. రెండురోజులకోసారి నల్లా వచ్చే ఊళ్లో హౌజు లేకుండా ఇల్లు గడిచేది కాదు. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకులు, నేలలో సంపులు వచ్చాక పాత హౌజులకు పని పోయింది. కొందరు మట్టి నింపి గులాబీలు నాటారు. కొందరు చిన్న పంపు బిగించి కోయిలను వదిలారు.

కోయి జపాన్ చేప, ఖరీదు చేప అని చాలామందికి దాన్ని ముట్టుకోవాలంటేనే జంకు. రాంనగర్ మార్కెట్లో బంగారు తీగ అని తక్కెట్లో వేసి తూచే చేపా ఇదీ ఒకే జాతి. జపాన్‌లో నీగాతా కొండల రైతులు చలికాలంలో కూరకు అక్కరకొస్తాయని మడుగుల్లో చేపలు పెంచుకునేవాళ్లు. వాటిలో ఎప్పుడో ఒకటి ఎర్రది పుట్టేది, ఒకటి తెల్లది పుట్టేది. వాటిని ఏరి, జతకట్టించి, రంగులు నిలబెట్టి, 1914లో టోక్యోలో జరిగిన పెద్ద ప్రదర్శనకు పంపారు. లోకానికి ఆ చేప సంగతి తెలిసింది అప్పుడే. మన దేశానికి బంగారు తీగ 1939లో సిలోన్ నుంచి నీలగిరులకు వచ్చింది, మళ్లీ 1957లో బ్యాంకాక్ నుంచి కటక్‌కు వచ్చింది. ఈ వంశవృక్షం ఎందుకు విప్పానంటే, కొల్లేరు గట్ల మీద మన రైతులకు తెలిసిన చేప వైద్యం చాలావరకు ఈ రంగుల చేపకూ పనికొస్తుంది. బాపనయ్య బిడ్డకైనా బాదుషా బిడ్డకైనా జ్వరం ఒకటే గదా.

మా గల్లీలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఒక పొద్దున వచ్చి గేటు కొట్టాడు.

"తమ్మీ, చేప ఒకటి మూలకు వోయి నిలవడ్డది. మేత ముడ్తలేదు. నిన్నటిదాంక మంచిగనే ఉండె. ఏమన్న మందు చెప్పు."

"మీ హౌజు ఎన్ని లీటర్లది కాకా?"

"ఏమో! మా నాయన కట్టించిండు. ఎవరు కొలిచిండ్రు?"

చేపలు పెంచేవాళ్లలో ఎక్కువమంది చెప్పే జవాబు ఇదే. చేప ఏ రకమో చెబుతారు, ఎంతకు కొన్నారో రూపాయలతో సహా చెబుతారు. నీళ్లెన్నో చెప్పలేరు. మేం టేపు పట్టుకొని కొలిచాం. పొడవు 6 అడుగులు, వెడల్పు 4, నీటి లోతు రెండున్నర. గుణిస్తే 60 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు. మొత్తం దాదాపు 1700 లీటర్లు. ఆ అంకె గోడమీద రంగుతో రాసిపెట్టమన్నాను. మనిషికైతే మాత్ర చేతిలో పెడతాం. చేపకు మందు అది ఈదే నీళ్లలో కలపాలి. ఉప్పయినా, మరోటైనా లెక్కంతా లీటర్ల మీదే నడుస్తుంది. ఆ లెక్క తెలియనప్పుడు డబ్బా మూత తియ్యకపోవడమే చేపకు మేలు.

అదే నోటితో ఇంకో మాట కూడా అన్నాను, ఆయనకు నచ్చకపోయినా. 1700 లీటర్లలో అయిదు కోయిలు ఎక్కువ. బాగా పెరిగితే రెండడుగులయ్యే చేప. ఒక్కోదానికి వెయ్యి లీటర్లన్నా ఉండాలని అనుభవమున్న పెంపకందార్లు అంటారు. దుకాణంలో వేలెడంత ఉన్నప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

సరే, చేప మూలకు నిలబడింది. ఇప్పుడేం చెయ్యాలి? ముందు మేత ఆపాలి. లంఖణం పరమౌషధం అని మన పెద్దలు మనుషుల గురించి అన్నా, కోయికి ఇంకా బాగా వర్తిస్తుంది. దానికి జీర్ణాశయమే లేదు. తిన్నది నేరుగా పేగులోకి పోతుంది. వారం పదిరోజులు తిండి లేకపోయినా పెద్ద కోయికి ఏమీ కాదు. తినకుండా వదిలేసిన మేత మాత్రం అడుగున కుళ్లి నీళ్లను చెడగొడుతుంది. రోగిష్టి చేపను చూసి ఇంట్లో ఆడవాళ్లు జాలిపడి బ్రెడ్డు ముక్కలు, అన్నం మెతుకులు వేస్తుంటారు. మగవాళ్లేం తక్కువ కాదు, వాళ్లు మందులు వేస్తారు.

మేత ఆపాక, కుర్చీ వేసుకొని కూర్చొని చూడాలి. అన్నిటికన్నా మంచి వేళ తెల్లవారుజాము. పగలు ఎండలో నాచు, మొక్కలు ప్రాణవాయువు తయారుచేస్తాయి. రాత్రి అవీ దాన్ని వాడుకునేవే. కాబట్టి తెల్లవారేసరికి నీళ్లలో అది అడుగంటుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు చేపల రైతు సూర్యుడు రాకముందే చెరువు గట్టెక్కేది అందుకే. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే ఆయన మందుల దుకాణానికి పోడు, ఇంజను వేసి నీళ్లను చిలికిస్తాడు. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు 9 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల నీళ్లలో ఏడున్నరకు మించి కరగదు. మే నెలలో మన హౌజు నీళ్లు ఎంత వెచ్చగా ఉంటాయో చెయ్యి పెట్టినవాళ్లకు తెలుసు. వేసవిలో గాలిపంపు రాత్రిపూట ఆపేవాళ్లున్నారు, కరెంటు బిల్లుకో చప్పుడుకో జడిసి. పంపు నిజంగా కావాల్సింది రాత్రే.

చూడటంలో ఒక పెద్ద గుర్తు ఉంది. చేపలన్నీ ఒకేసారి బాధపడుతున్నాయా, ఒకటొకటిగా పడుతున్నాయా? అన్నీ ఒక్కసారే అయితే నూటికి తొంభైపాళ్లు తప్పు నీళ్లది. 2017 అక్టోబరులో పటాన్‌చెరు దగ్గర గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు తెప్పలుగా చచ్చి తేలాయి. పత్రికల్లో ఆ ఫొటోలు చాలామంది చూసే ఉంటారు. చెరువు చెరువంతా ఒక్కరాత్రి తేలిందంటే అది అంటురోగం తీరు కాదు. అంటురోగం ముందు ఒక చేపను పట్టుకుంటుంది, తర్వాత రెండో దాన్ని. హౌజులోనూ అదే కొలమానం.

హైదరాబాదు హౌజుల్లో నీళ్ల తప్పు అంటే మొదటి అనుమానం నల్లా మీదే. కృష్ణా నీళ్లయినా, మంజీరా నీళ్లయినా, గండిపేట నీళ్లయినా క్లోరిన్ కలిసే ఇంటికొస్తాయి. తాగేనీటిలో చివరి కొళాయి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. మనకది రక్షణ. చేప మొప్పలకు అందులో పదోవంతు కూడా ఎక్కువే. నల్లా వచ్చిందని పైపు హౌజులో పడేసి, ఫోన్ మోగితే లోపలికి పోయి మరిచిపోవడం, తెల్లారి చూస్తే చేపలు వెల్లకిలా పడి ఉండటం, ఇది మన ఊళ్లో చేపల చావుకు మామూలు కారణం. నల్లా నీళ్లు డ్రమ్ములో పట్టి, మూత లేకుండా ఒక రోజంతా వదిలేస్తే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది. అంత వ్యవధి లేదంటే హైపో ఉంది. సోడియం థయోసల్ఫేట్. ఫొటోలు చీకటిగదిలో కడిగే రోజుల్లో కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే పొట్లం కట్టి ఇచ్చేవాళ్లు. ఇప్పుడు చేపల దుకాణంలో సీసాలో రంగునీళ్లుగా దొరికేది చాలావరకు అదే. క్లోరిన్ ఎంతుందో దానికి ఏడు రెట్లు హైపో పడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము క్లోరిన్ ఉందనుకుంటే 1700 లీటర్లకు 12 గ్రాములు. చూశారా, మళ్లీ లీటర్ల లెక్కే.

రెండో అనుమానం అమ్మోనియా. చేప మొప్పల నుంచి రోజంతా అమ్మోనియా వస్తూనే ఉంటుంది. గోడలకు, ఫిల్టర్ రాళ్లకు పట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైటుగా, తర్వాత పెద్దగా హాని చెయ్యని నైట్రేటుగా మారుస్తాయి. ఆ బాక్టీరియా కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. దీపావళి శుభ్రం పేరుతో హౌజును బ్లీచింగ్ వేసి తళతళా తోమినవాళ్లు చేప కాపలాదార్లను తామే తరిమేస్తున్నారు. ఇందులో ఇంకో మెలిక ఉంది. ఒకే మోతాదు అమ్మోనియా అన్ని నీళ్లలో ఒకేలా విషం కాదు. 25 డిగ్రీల వేడిలో, నీటి పీహెచ్ 7 ఉంటే ఆ అమ్మోనియాలో నూటికి ఒకపాలు కూడా విషంగా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి అయిదుపాళ్లు. 9 అయితే మూడోవంతుకు పైనే. కొత్త సిమెంటు సున్నాన్ని వదులుతుంది, పీహెచ్ పైకి లేస్తుంది. కొత్తగా పూత పూసిన హౌజులో వెంటనే చేపలు వదలొద్దనేది అందుకే. అరటిబోదె ముక్కలు వేసి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నింపి, మళ్లీ పారబోసే పద్ధతి మనవాళ్లకు తెలిసిందే. పీహెచ్ పరీక్షించే కాగితాలు, అమ్మోనియా చూసే చుక్కల డబ్బా మంచి చేపల దుకాణంలో దొరుకుతాయి. ఒక మందు సీసా కొనే డబ్బుతో ముందు అవి కొనండి. తేడా కనిపిస్తే నాలుగోవంతు నీళ్లు తీసేసి, క్లోరిన్ పోయిన నీళ్లు నింపండి. మర్నాడు మళ్లీ. మొత్తం ఒకేసారి మార్చొద్దు.

ఇక ఉప్పు. కాకా ఇంట్లో ఉప్పు మాట ఎత్తగానే ఆయన నన్ను వింతగా చూశాడు. "ఉప్పు నీళ్లల్ల ఏస్తే చేప సావదా?" సముద్రమంత ఉప్పు వేస్తే చస్తుంది. కొద్దిగా వేస్తే ఊపిరి తీసుకుంటుంది. ఎందుకో చెబుతాను, కొంచెం ఓపిక పట్టండి. చెరువు చేప రక్తంలో ఉప్పు నూటికి దాదాపు 0.9 పాళ్లు ఉంటుంది. బయట నీళ్లు చప్పటివి. పలచటి వైపు నుంచి చిక్కటి వైపుకు నీరు పారడం ప్రకృతి. అందుకని మొప్పల్లోంచి చేప ఒంట్లోకి నీళ్లు అదే పనిగా చొరబడుతుంటాయి. చెరువు చేప నీళ్లు తాగదు, తాగనక్కరలేదు. లోపలికొచ్చిన నీళ్లను మూత్రపిండాలు బయటికి పంపుతూనే ఉండాలి. చిల్లుపడవలో కూర్చొని నీళ్లు తోడిపోసేవాడి బతుకు వాటిది. ఒంటి మీద పుండు పడిందంటే చిల్లు పెద్దదైనట్టే. మూత్రపిండాలు అలసిపోతే ఒళ్లు ఉబ్బుతుంది, పొలుసులు నిక్కబొడుచుకుంటాయి. ఆ దశకు వచ్చిన చేప బతకడం అరుదు. అంతకుముందే బయటి నీళ్లలో కొద్దిగా ఉప్పు కలిపితే లోపలికీ బయటికీ తేడా తగ్గుతుంది, చేపకు తోడిపోసే శ్రమ తగ్గుతుంది. మిగిలిన సత్తువతో రోగంతో అది పోరాడుకుంటుంది. నైట్రైటు పెరిగి రక్తం గోధుమరంగుకు తిరిగినప్పుడు కూడా ఉప్పులోని క్లోరైడు ఆ నైట్రైటును మొప్పల దగ్గరే అడ్డుకుంటుంది.

మోతాదు నూటికి 0.3 పాళ్లు. అంటే వెయ్యి లీటర్లకు 3 కిలోలు. కాకా హౌజుకు 5 కిలోల దొడ్డుప్పు. ఒకేసారి కుమ్మరించకూడదు. మూడు భాగాలు చేసి, రోజుకొక భాగం, బకెట్ నీళ్లలో కరిగించి చుట్టూ పొయ్యాలి. రాళ్లు అడుగున పడితే చేప వాటిమీద పడుకొని ఒళ్లు కాల్చుకుంటుంది. హౌజులో కలువలుంటే ముందే తీసి వేరే తొట్టిలో పెట్టాలి, ఉప్పు వాటికి సరిపడదు. ఒక సంగతి మాత్రం మరవొద్దు. ఎండకు నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు. తగ్గిన నీళ్లు నింపిన ప్రతిసారీ పిడికెడు ఉప్పు వేసుకుంటూ పోతే నెల తిరిగేసరికి మోతాదు దాటుతుంది. నీళ్లు తీసి పారబోస్తేనే ఉప్పు పోతుంది.

ఇంతా చేసి, కాకా చేపకు అసలు రోగమేంటి? ఇద్దరం కలిసి వలతో దాన్ని బేసిన్‌లోకి తీశాం. తడిచేతులతో పట్టుకోవాలి, పొడిచేతికి ఒంటి జిగురు ఊడివస్తుంది. రెక్క మొదట్లో, దాదాపు కనబడకుండా ఒకటి కదిలింది. పల్చగా, గుండ్రంగా, కందిగింజంత. చేప పేను. పుస్తకాల్లో ఆర్గులస్. కొల్లేరు రైతుల్ని కదిలిస్తే దీనిమీద గంటసేపు తిడతారు, శీలావతి చెరువుల్లో అది చేసే నష్టం అంతింత కాదు. చర్మంలోకి సూది దించి రసం పీలుస్తుంది. చేప దురద భరించలేక గోడకు ఒళ్లు రాసుకుంటుంది. రాసుకున్నచోట పుండు, పుండులో బాక్టీరియా.

రైతు దీనికి పురుగుమందు వాడతాడు. ఎకరాల చెరువుకు మిల్లీలీటర్ల లెక్కన కలుపుతాడు. అదే మందు 1700 లీటర్ల హౌజులో వెయ్యాలంటే చుక్కలో ఎన్నో వంతో కొలవాలి. ఇంట్లో అది ఎవరివల్లా కాదు. చెయ్యి జారితే పేనుకంటే ముందు చేప పోతుంది. మేం మొరటు దారి పట్టాం. చేపలన్నిటినీ గాలిపంపు పెట్టిన పెద్ద డ్రమ్ముల్లోకి మార్చాం. పట్టకారుతో పేలు ఏరి, గాయాల మీద పోవిడోన్ అయోడిన్ అద్దాం. హౌజు ఖాళీ చేసి, గోడలు తోమి, కొన్నాళ్లు ఎండకు వదిలేశాం. పేను గుడ్లు వరసలు వరసలుగా గోడకు, రాళ్లకు అంటుకొని ఉంటాయి. వెచ్చటి నీళ్లలో రెండు వారాల్లోపే పిల్లలవుతాయి. ఎండితే చస్తాయి. హైదరాబాదు ఎండ ఒక్కోసారి ఇలా కూడా పనికొస్తుంది. ఇలా చేస్తే మంచి బాక్టీరియా కూడా పోతాయి, నిజమే. కాబట్టి మళ్లీ నింపాక నెలరోజులు మేత పిసరంత పెట్టాలి, అమ్మోనియా చూసుకుంటుండాలి. మూలకు నిలబడిన ఆ చేప బతకలేదు. మిగతా నాలుగు బాగున్నాయి.

పేను కంటికి కనబడింది కాబట్టి సరిపోయింది. దారంలా ఒంటికి వేలాడే లెర్నియా అనే పురుగు కూడా కనబడుతుంది. ఉప్పు చల్లినట్టు తెల్లచుక్కలు వస్తే అది ఇక్ అనే రోగం. దాన్ని తెచ్చే సూక్ష్మజీవి చర్మం కింద దాక్కున్నంతకాలం ఏ మందూ అంటదు. నీళ్లలోకి దిగి పిల్లల్ని వదిలినప్పుడే దొరుకుతుంది. చుక్కలు రాలగానే రోగం పోయిందని మందు ఆపేవాళ్లు వారం తిరక్కుండానే మళ్లీ వాటిని చూస్తారు. అసలు చిక్కు కంటికి కనబడనివాటితో. చర్మం మీద బతికే గైరోడాక్టిలస్ అని ఒక సూక్ష్మమైన పురుగుంది. గుడ్లు పెట్టదు, పిల్లనే కంటుంది. ఆ పుట్టబోయే పిల్ల కడుపులో అప్పటికే మరో పిల్ల రూపుదిద్దుకుంటూ ఉంటుంది. తల్లి, బిడ్డ, మనవరాలు ముగ్గురూ ఒక్క ఒంట్లో. అది ఎంత త్వరగా పెరుగుతుందో మీరే ఊహించుకోండి. దాన్ని పట్టాలంటే ఒంటి జిగురు కాస్త గీకి, గాజుపలక మీద పెట్టి, సూక్ష్మదర్శిని కింద చూడాలి. వందరెట్లు పెద్దది చేసి చూపేది చాలు. బీఎస్సీ జువాలజీ చదివే పిల్లలు వీధికొకరుంటారు, వాళ్లను బతిమాలుకోండి. చదువు అక్కరకొచ్చిందని వాళ్లూ సంతోషిస్తారు.

పుండ్ల సంగతి కూడా చెప్పాలి. 1988లో మన దేశంలోకి చేపల పుండ్ల రోగం ఒకటి ఈశాన్యం నుంచి దిగింది. ఆంధ్ర చెరువులకు పాకినప్పుడు జనం చేప తినడానికే భయపడ్డారు. కొర్రమీను దానికి ఘోరంగా లొంగింది. భువనేశ్వర్ పక్కన కౌసల్యగంగలోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ దానికి సీఫాక్స్ అనే మందు తయారుచేసింది. ఆ రోగానికి బంగారు తీగ దాదాపు లొంగదు. కాబట్టి మీ కోయి మీద పుండు పడితే అది ఆ రోగమని సీఫాక్స్ సీసా కోసం పరుగెత్తొద్దు. ఎక్కువసార్లు అది ఏరోమోనాస్ లాంటి బాక్టీరియా పని, దానికి దారి తీసింది పురుగో, పాడైన నీళ్లో అయి ఉంటుంది. మెడికల్ షాపులో యాంటీబయాటిక్ గొట్టాలు కొని విప్పి హౌజులో గుమ్మరించడం చూశాను. ఆ మందు పుండుకు చేరేది తక్కువ. ఫిల్టర్‌లోని మంచి బాక్టీరియాను చంపేది ఎక్కువ. తర్వాత ఆ నీళ్లు పోయేది మోరీలోకి, మోరీ పోయేది మూసీలోకి.

పుండున్న చేపను పట్టేటప్పుడు మీ చేతికి కోతో గీరుడో ఉంటే గ్లవుజులు వేసుకోండి. చేపల నుంచి మనిషికి అంటే ఒక రకం మైకోబాక్టీరియం ఉంది. వేలి మీద కురుపు లేచి నెలలు తగ్గదు. డాక్టరు దగ్గరికి పోతే చేపలు పెంచుతామని మీరే చెప్పాలి, ఆయనకు అడగాలని తోచదు.

వైరస్ రోగాలకు మందు లేదు. కోయి హెర్పిస్ వైరస్ 1998లో ఇజ్రాయెల్‌లో బయటపడింది. మొప్పలు చివికి, కళ్లు గుంటపడి, మంద మందంతా పోతుంది. ఇంకోటి నిద్ర రోగం. 1970లలో జపాన్‌లో కనిపెట్టారు. చేప అడుగున ఒరిగి పడుకుంటుంది, కదిలిస్తే నాలుగడుగులు ఈది మళ్లీ పడుకుంటుంది. లక్నోలోని జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ శాస్త్రవేత్తలు ఆ వైరస్ మన దేశపు కోయిల్లో ఉందని 2016లో ప్రకటించారు. దానికి ఉప్పే దిక్కు, నూటికి 0.5 పాళ్లు. చాలా చేపల్ని అదే నిలబెడుతుంది. మరీ వేడిగా లేని నీళ్లలో ఇవి పేట్రేగుతాయి. కాబట్టి మన డిసెంబరు, జనవరుల్లో కొత్త చేప కొనేటప్పుడు జాగ్రత్త. వరసగా చేపలు పోతుంటే మత్స్యశాఖకు తెలియజేయండి. 2023లో కేంద్రం విడుదల చేసిన రిపోర్ట్ ఫిష్ డిసీజ్ అనే ఫోన్ యాప్ అందుకోసమే. రైతుల కోసం పెట్టిందే అయినా రోగానికి హౌజనీ చెరువనీ భేదం లేదు.

ఇక బతకదని తేలిన చేపను ఏం చెయ్యాలి? బయట నేలమీద పడేసి ఊపిరాడక కొట్టుకోనివ్వడం, ఫ్రిజ్‌లో పెట్టడం రెండూ క్రూరమే. లవంగ నూనె మందుల షాపులో దొరుకుతుంది. సీసాలో కొద్ది నీళ్లతో బాగా గిలకొట్టి చేప ఉన్న బకెట్లో కొంచెం కొంచెంగా కలిపితే ముందు మత్తు కమ్ముతుంది. ఇంకా కలిపితే ఆ మత్తులోనే పోతుంది. మొప్పలు ఆడటం ఆగాక కూడా కాసేపు అలాగే ఉంచాలి. పెరట్లో లోతుగా గొయ్యి తీసి పూడ్చండి. చెరువులో, నాలాలో వెయ్యొద్దు. బతికున్నదాన్ని పుణ్యమని హుస్సేన్‌సాగర్‌లో వదలడం అసలే వద్దు, దాని రోగం కూడా అక్కడికే పోతుంది. వల, బకెట్ బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండబెట్టండి.

ఖాళీ అయిన చోటికి కాకా అప్పుడే మరో చేప తెస్తానన్నాడు, ఎర్ర టోపీ ఉన్నదట. ఆ నీళ్లకు అయిదు ఎక్కువని ముందే చెప్పాను. అయినా తెస్తే, నేరుగా హౌజులోకి కాదు. దేశంలో రంగుచేపలకు కోల్‌కతా, చెన్నైలోని కొళత్తూరు పెద్ద కేంద్రాలు. ఎక్కడెక్కడి చెరువుల చేపలో దుకాణం తొట్టిలో ఒకదానితో ఒకటి కలిసి మన దగ్గరికొస్తాయి. మెట్ల కింద నీలం డ్రమ్ము ఒకటి పెట్టి, దానికి వేరే గాలిపంపు, వేరే వల ఉంచి, నాలుగు వారాలు కొత్త చేపను అందులో చూసుకోండి. పాత హౌజులో వాడిన వల ఇందులో ముంచొద్దు, ఇందులోది అందులో ముంచొద్దు. నీటిమొక్కలు కొన్నా అంతే, పేను గుడ్లు ఆకుల వెనక కూడా వస్తాయి. దుకాణంవాళ్లు కట్టిచ్చిన సంచిని ఓ పావుగంట డ్రమ్ము నీళ్లమీద తేలనిచ్చి, వేడి సమానమయ్యాక చేపను మాత్రం తీసి డ్రమ్ములో వదలండి. సంచిలో నీళ్లు జామచెట్టు మొదట్లో పొయ్యండి.